సెల్లుఫోనుకు వచ్చిన వానకబురు

2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతుల సెల్లుఫోన్లకు తెలుగులో సందేశాలు రావడం మొదలైంది. పంట వేరుసెనగ. తొలకరి చినుకు పడగానే, జూన్ మొదటి వారంలోనే గొర్రు కట్టడం అక్కడి వాడుక. సందేశాలు మాత్రం నెల చివరి వారం దాకా ఆగమన్నాయి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్ కంపెనీ కలిసి చేసిన ప్రయోగమది. పొలంలో ఏ పరికరమూ పాతలేదు, రైతుకు ఖరీదైన ఫోను అక్కరలేదు, సందేశం అందుకోగలిగినది ఏదైనా చాలు. కోతలయ్యాక, ఆగి విత్తినవారికి దిగుబడి సుమారు 30 శాతం అధికంగా వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి.

ఆ 30 శాతం సంగతి తరవాత చూద్దాం. నన్ను ఆపినది "ఆగండి" అన్న మాట. వాతావరణ శాఖ పుట్టిన నాటి నుంచి వాన వస్తుందనో రాదనో చెబుతూనే ఉంది. ఫలానా ఊరి రైతు చేతిలోని గింజ ఇవాళ నేలలో పడాలా వద్దా అన్న ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం మాత్రం చాలా కొత్త సంగతి. ఆ జవాబు రైతు చెంతకు ఎంత దూరం నడిచి వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఆ గింజ విలువ తెలియాలి. జొన్న విత్తాలంటే ఎకరాకు మూడు నాలుగు కిలోలు చాలు. పోయినా మళ్ళీ చల్లుకోవచ్చు. వేరుసెనగకు ఒలిచిన పప్పే యాభై అరవై కిలోలు కావాలి. సాగుఖర్చులో పెద్ద భాగం విత్తనానిదే. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో మే, జూన్ మాసాలు వచ్చాయంటే రాయితీ విత్తనకాయల కోసం పాసు పుస్తకాలు పట్టుకొని వరుసకట్టిన జనం, నిలబడలేక వరుసలో పెట్టిన చెప్పులు పత్రికల్లో ఏటా కనిపించే బొమ్మలు. అలా తెచ్చుకున్న మూటలు తొందరపడి విత్తితే, మొలక నిలదొక్కుకోకముందే పదును ఆరిపోతే, రెండో మూట ఉండదు. పోనీ ఆలస్యం చేద్దామా అంటే, కాయ ఊరే వేళకు వానలు వెనకబడతాయి. అనంతపురానికి సాలుకు వచ్చే వాన సగటున 550 మిల్లీమీటర్లు. తొందరకూ ఆలస్యానికీ నడుమ ఉన్న సందు చాలా ఇరుకు.

ఈ సందులో దారి చూపడానికి మనవాళ్ళు పెట్టుకున్నవి కార్తెలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పధ్నాలుగు రోజుల కాలం ఒక్కో కార్తె. మే చివరలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. ఇది మూఢనమ్మకం అని కొట్టిపారేసేవారున్నారు గాని, నక్షత్రాల మాట పక్కన పెడితే కార్తె అంటే సంవత్సరాన్ని 27 ముక్కలు చేసిన సౌరమానపు పట్టిక. చాంద్రమాన మాసాలు అధికమాసంతో ముందూ వెనకా జరుగుతుంటాయి. కార్తెలు జరగవు. వ్యవసాయానికి అదే కావాలి. (పూర్తిగా జరగవనడం కూడా సరికాదు. అయనచలనం వల్ల 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతాయి. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహిత రాసిన నాటికీ నేటికీ రుతువుల లెక్కన మృగశిర దాదాపు మూడు వారాలు వెనక్కి వచ్చింది. గ్రంథాలు ఆ తేడాను పట్టించుకోలేదు. జనం నోట ఉండే సామెతలు కాలంతోపాటు సర్దుకున్నాయని నా అభిప్రాయం.)

వరాహమిహిరుడు మేఘాలు గర్భం ధరిస్తాయని, 195 రోజులకు ప్రసవిస్తాయని లెక్క చెప్పాడు. కౌటిల్యుడు అంతకంటె పొడిమనిషి. కోష్ఠాగారం ముందు మూర వెడల్పు మూతి గల పాత్ర పెట్టి వాన కొలవమన్నాడు. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడితే విత్తనానికి తగినదో అంకెలు కూడా ఇచ్చాడు. అందులో అశ్మకదేశానికి ఇచ్చిన అంకె పదమూడున్నర ద్రోణాలు. అశ్మకుల రాజధాని పోదనం నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని చరిత్రకారులు భావిస్తారు గనుక, తెలుగునేల వానకు లిఖితమైన తొలి కొలతలలో ఇదొకటి అనుకోవచ్చు. వాననుబట్టి ఎక్కువ నీటి పంటో తక్కువ నీటి పంటో వేయించే బాధ్యత సీతాధ్యక్షుడిది. అయితే ఆ సలహా రాజు పొలాలకు. సొంత చెక్క దున్నుకునే వాడికి ఎవరు చెప్పారో అర్థశాస్త్రం చెప్పదు.

ఈ తేడా బ్రిటిషు కాలంలోనూ అలాగే ఉంది. 1864లో కలకత్తాను తుపాను ముంచింది. 1866లోను 1871లోను వానలు తప్పాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని తొలి అధిపతి. మరుసటి ఏడే మద్రాసు రాజధానిని మహాక్షామం చుట్టుముట్టింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది ఇదే. అప్పటి బళ్ళారి జిల్లా (అనంతపురం ఇంకా విడివడలేదు), కడప, కర్నూలు దాని నోట పడ్డాయి. హిమాలయాల మీది మంచుకూ రుతుపవనాలకూ ఉన్న సంబంధం ఆధారంగా 1886 జూన్ 4న బ్లాన్‌ఫర్డ్ తొలి అధికారిక దీర్ఘకాలిక వర్షసూచన వెలువరించాడు. అది సర్కారు కోసం. కరువు వస్తే శిస్తు ఎంత తగ్గుతుంది, ధాన్యం ఎక్కడి నుంచి ఎక్కడికి తరలించాలి అన్నవి దాని వెనక ఉన్న ప్రశ్నలు. పత్తికొండ రైతు ఏ పూట గొర్రు కట్టాలన్నది ఎవరి ప్రశ్నా కాదు.

పుణేలో వ్యవసాయ వాతావరణ విభాగం 1932లో మొదలైంది. ఎల్. ఏ. రాందాస్ దానికి నాయకుడు. పైరు నడుమ గాలి ఎంత వేడెక్కుతుంది, నేల ఎంత లోతున ఎంత చల్లగా ఉంటుంది వంటి విషయాలు అక్కడ కొలిచారు. 1945లో ఆకాశవాణి ద్వారా రైతుల కోసం ప్రత్యేకంగా వాతావరణ ప్రకటనలు మొదలయ్యాయి. శాఖ పుట్టిన 70 ఏళ్ళకు రైతు పేరు చెప్పి ఒక మాట గాలిలోకి వెళ్ళింది.

రేడియో భాష గురించి ఒకింత సేపు ఆగాలి. "రాయలసీమలో కొన్ని చోట్ల, తెలంగాణలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి ఒక మోస్తరు వర్షాలు" అన్న ధోరణి వాక్యం విననివారెవరు? అది తప్పించుకునే మాట అని అందరం నవ్వుకున్నవాళ్ళమే. నిజానికి ఆ మాటలన్నీ లెక్కలు. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో పావువంతు లోపు తడిస్తే "ఒకటి రెండు చోట్ల", సగం లోపు అయితే "కొన్ని చోట్ల", ముప్పావు లోపు అయితే "చాలా చోట్ల", అది కూడా దాటితే "దాదాపు అన్ని చోట్ల". అలాగే రోజులో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు వాన. శాస్త్రజ్ఞుడు అబద్ధం చెప్పలేదు. విన్నవాడికి మాత్రం ఏమీ తెలియలేదు. 16 మిల్లీమీటర్లు ఎర్రనేలను పైపైన తడిపి పోతాయి, 60 మిల్లీమీటర్లు విత్తు పదును పూర్తిగా ఇచ్చి గట్లు కూడా తెంచవచ్చు, రెండూ "మోస్తరే". రాయలసీమ అంటే నాలుగు పాత జిల్లాలు, ఆ "కొన్ని చోట్ల"లో తన చేను ఉందో లేదో రైతు ఆకాశం కేసే చూసి తేల్చుకోవాలి. రేడియో ప్రకటనకు ఉన్న చిక్కు వేగం కాదు, అది ఏ పొలాన్నీ చూసి మాట్లాడకపోవడం.

ఆ లోటు పూడ్చే ప్రయత్నం 1988లో మధ్యకాలిక వాతావరణ సూచనల జాతీయ కేంద్రం ఏర్పాటుతో మొదలైంది. మూడు నుంచి పది రోజుల ముందు చూపు అనేది వ్యవసాయానికి సరిపడే కొలత. 1991 నుంచి ఆ సూచనలను 127 వ్యవసాయ వాతావరణ మండలాల వారీగా విశ్వవిద్యాలయాలకు పంపి, అక్కడి వారిచేత పంట సలహాగా మార్పించారు. 2008లో సలహా జిల్లా స్థాయికి దిగింది. వారానికి రెండు సార్లు, మంగళవారం, శుక్రవారం. సలహా తయారైంది గాని, మోసుకుపోయే మనిషి లేడు. వ్యవసాయాధికారి బల్ల మీదా, మర్నాటి పత్రిక లోపలి పేజీలోనూ అది ఆగిపోయేది. ఐదు రోజుల సూచన ఊరు చేరేసరికి రెండు రోజులు గతించేవి.

సరిగ్గా ఈ అంతరంలోకి సెల్లుఫోను వచ్చింది. దేశంలో తొలి సెల్లు పిలుపు 1995లోనే వెళ్ళినా, వచ్చే పిలుపులకు డబ్బు కట్టనక్కరలేకుండా పోయినది 2003లో. పల్లెలో ఫోను కొనడం తెలివైన పని అయినది అప్పుడే. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు మొదలయ్యాయి. రైతు ఉచితంగా ఫోను చేసి తన భాషలో అడగవచ్చు. 2007లో మహారాష్ట్రలో రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే సేవ చందా తీసుకొని ధరలూ వాతావరణమూ సందేశాలుగా పంపింది. అదే ఏడు ఇఫ్కో సహకార సంస్థ, ఎయిర్‌టెల్ కలిసి పెట్టిన సంస్థ వేరొక దారి పట్టి, స్థానిక భాషలో నిమిషం పాటి కంఠసందేశాలు వినిపించింది. చదువురాని వారి సంగతి ఆలోచించినది ఈ రెండవది.

చదువు వచ్చినవారికీ అడ్డంకి ఒకటి ఉండేది. యూనికోడులో తెలుగు రాసుకునే మనవంటివారికి అది ఆసక్తికరమైన విషయం. ఒక సెల్లు సందేశానికి కేటాయించిన చోటు 140 బైట్లు. ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు పడతాయి. యూనికోడు లిపిలో 70 మాత్రమే. అందులోనూ యంత్రం మనలా లెక్కపెట్టదు. "వర్షం" మన కంటికి రెండక్షరాలు, దానికి ఐదు: వకారం, రకారం, పొల్లు, షకారం, సున్న. ఆ 70లో ఊరు, తేదీ, వాన, పంట, చేయవలసిన పని అన్నీ ఇమడాలి. పైగా ఆనాటి చవక ఫోన్లలో తెలుగు సందేశమంటే వరుసగా డబ్బాలు కనిపించేవి. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసి పంపిన రోజులు కూడా ఉన్నాయి. ఒకే వాక్యంలో సలహా చెప్పాలంటే ఏది వదలాలో తెలియాలి, అది భాష తెలిసినవాడి పని గాని వాతావరణం తెలిసినవాడి పని కాదు. 2013 జులైలో కేంద్రం ఎం-కిసాన్ వేదికను ప్రారంభించాక సర్కారు సందేశాలన్నీ ఒకే దారిన వెళ్ళడం మొదలైంది.

ఇంతకూ వీటివల్ల ఒరిగినదేమిటి? మార్సెల్ ఫాష్‌షాం, బార్ట్ మింటెన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు రాయిటర్స్ సేవను మహారాష్ట్రలో 100 గ్రామాలలో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. సందేశాలు చూసి కొన్ని నిర్ణయాలు చేశామని రైతులు చెప్పారు. కాని వారికి దక్కిన ధరలో గాని, వానకు పోయిన పంటలో గాని, సాగు పద్ధతులలో గాని లెక్కకు వచ్చే తేడా సగటున కనిపించలేదు. సెల్లుఫోను పల్లెను ఉద్ధరిస్తుందని అందరూ రాస్తున్న రోజుల్లో ఇది గిట్టని ఫలితమే.

దీనికి ఎదురుగా తెలంగాణలో జరిగిన మరొక పరీక్షను పెట్టి చూడాలి. జర్మనీలోని పోట్స్‌డామ్ సంస్థ పరిశోధకురాలు ఎలెనా సురొవ్యాత్‌కినా తూర్పు కనుమలు, ఉత్తర పాకిస్తాన్ ప్రాంతాల గాలి తీరును బట్టి రుతుపవనాల రాకను నెలకు పైగా ముందే అంచనా వేసే పద్ధతి కనిపెట్టింది. 2022 ఖరీఫ్‌కు ముందు ఆ సూచనను తెలంగాణలోని 250 గ్రామాలలో పరీక్షించారు. వానలు తాము అనుకున్న దానికంటె ఆలస్యమని విన్న రైతులు సాగు విస్తీర్ణం ఐదో వంతుకు పైగా తగ్గించుకున్నారు. ముందే వస్తాయని విన్నవారు పెట్టుబడి పెంచారు. ఇక్కడ తేడా స్పష్టం. రేపటి వానను ఇవాళ చెబితే రైతు చేయగలిగినది కొంచెమే: కల్లంలో కాయలు కప్పుకోవడం, మందు కొట్టడం మానుకోవడం. నెల ముందు చెబితే ఎంత భూమి కౌలుకు తీసుకోవాలి, ఎంత అప్పు చేయాలి అన్నవే మారతాయి. ఈ సూచనను ఊళ్ళకు వెళ్ళిన మనుషులు ముఖాముఖి వివరించారన్న సంగతి కూడా మరువరాదు.

ఇప్పుడు దేవనకొండ 30 శాతానికి వద్దాం. 175 మంది, ఒక్క ఏడు, లెక్క చెప్పినది ప్రయోగం చేసినవారే. ఇంత మాత్రానికి అది రుజువు కాదు. మరుసటి ఏడు దీన్ని ఆంధ్ర, కర్ణాటకలలో 3,000 మందికి పైగా రైతులకు విస్తరించారు. ఆ ప్రయోగంలో నాకు సరైనదిగా తోచినది దిగుబడి అంకె కాదు, ప్రశ్నను ఎంచుకున్న తీరు. వాన వస్తుందా అని కాక, విత్తవచ్చా అని అడిగారు.

ఈ ప్రశ్నలో రైతు ఎంత ఆరితేరినవాడో చూపిన అధ్యయనం ఒకటుంది. జావియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ విక్రీ అనే ముగ్గురు అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల రైతులను రుతుపవనాలు ఎప్పుడు వస్తాయనుకుంటున్నారని అడిగారు. వాతావరణ శాఖకు రాక అంటే గాలి దిశ, మేఘాలు, కేంద్రాలలో కొలిచిన వాన. రైతుకు రాక అంటే నేలలో పదును విత్తేటంత లోతు దిగడం. వాళ్ళ అంచనాలను పాత వర్షపు లెక్కలతో పోల్చి చూస్తే, బతుకు పూర్తిగా వానమీద ఆధారపడి, దెబ్బ తగిలితే తట్టుకునే దారులు తక్కువగా ఉన్నవారి అంచనాలే ఎక్కువ సరిగ్గా ఉన్నాయి. పేదవాడు పంచాంగం పట్టుకొని గుడ్డిగా విత్తుతాడనుకునేవారు ఇది చదవాలి. తప్పితే పోయేది తనదే అయినవాడు జాగ్రత్తగా లెక్క కడతాడు. ఫోనులో వచ్చే కబురు అలాంటి లెక్కకు ఇంకొక అంకెను చేర్చాలి, అంతేగాని ఆ లెక్కను పక్కకు నెట్టరాదు.

ఆ అంకెను చేర్చే మనిషి కోసమే 2018 తరవాత కృషి విజ్ఞాన కేంద్రాలలో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు తెరిచారు. దేశమంతటా 199 ఏర్పడ్డాయి. ఒక్కోదానిలో ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. పై నుంచి వచ్చిన ఐదు రోజుల సూచనను తీసుకొని, ఆ వారం తమ జిల్లాలో ఏ పైరు ఏ దశలో ఉంది, ఏ పురుగు కనిపిస్తున్నది చూసి, మండలం పేరుతో నాలుగు మాటలు రాయడం వాళ్ళ పని. రెండు రోజుల్లో వాన ఉంది, మందు కొట్టకండి అన్న ఒక్క మాట వేల రూపాయలు మిగిల్చేది. ఈ 199 విభాగాలను 2024 ఆరంభంలో మూసివేయమని ఉత్తర్వులు వెలువడ్డాయి. సమాచార సేకరణ యంత్రాలే చేస్తున్నాయి గనుక ఆ సిబ్బంది అవసరం లేదన్న వాదన నీతి ఆయోగ్ నుంచి వచ్చిందని పత్రికలు రాశాయి. నాకు ఈ వాదన రుచించదు. వానను యంత్రం కొలుస్తుంది. చేను ఏ స్థితిలో ఉందో చూసి మాట చెప్పడం కొలవడం కాదు.

2025లో యంత్రం పెద్ద అడుగే వేసింది. గూగుల్ వారి న్యూరల్ జీసీఎం, ఐరోపా వాతావరణ కేంద్రం వారి కృత్రిమ మేధ నమూనా, 125 ఏళ్ళ వర్షపు లెక్కలు కలిపి, ఊరికి వానలు ఎప్పుడు స్థిరపడతాయో నాలుగు వారాల ముందు దాకా అంచనా కట్టారు. ఎం-కిసాన్ ద్వారా 13 రాష్ట్రాలలో సుమారు 3.8 కోట్ల రైతులకు కేంద్ర వ్యవసాయ శాఖ ఆ సూచనలు పంపింది. ఆ ఏడు రుతుపవనాలు మే 24ననే కేరళను తాకాయి. ముందస్తు వానలని పత్రికలన్నీ సంబరపడ్డాయి. అటుపైన నడిదారిలో దాదాపు 20 రోజులు నిలిచిపోయాయి. తొందరపడి విత్తినవాడి మొలక ఎండిపోయే తీరు ఇదే. ఆ విరామం వస్తుందని సందేశాలు ముందే చెప్పగలిగాయని శాఖ ప్రకటించింది.

దేవనకొండలో 175 ఫోన్లకు వెళ్ళిన మాట తొమ్మిదేళ్ళలో 3.8 కోట్ల ఫోన్లకు చేరింది. అయితే సందేశానికి తిరుగు ప్రశ్న వేయడానికి వీలుండదు. నాది గరుసు నేల, పక్క ఊళ్ళో పడిన వాన మా ఊళ్ళో పడలేదు, విత్తనకాయలు తెచ్చి పది రోజులైంది, ఇప్పుడు ఏం చేయమంటావయ్యా అని రైతు అడగాలంటే ఉచిత ఫోను నంబరు ఉంది. ఎత్తేవాడు ఆ చేను చూసినవాడు కాడు. కృషి విజ్ఞాన కేంద్రంలో ఆ కుర్చీ ఉన్న ఆరేళ్ళలో మాత్రం, బస్సెక్కి వెళ్ళి అడగడానికి జిల్లాలోనే ఒక మనిషి ఉండేవాడు.